ఉప్పు వేశానా, లేదా?

పులుసు తెర్లుతోంది. గరిటె చేతిలోనే ఉంది. ఉప్పు డబ్బా మూత తీసే ఉంది. అంతా సవ్యంగానే ఉంది గానీ ఒక్కటే సందేహం. ఇంతకీ ఉప్పు వేశానా, లేదా?

ఈ ప్రశ్న ఎదురవని ఇల్లాలు ఆంధ్రదేశంలో ఎక్కడైనా ఉంటుందని నేననుకోను. పోనీ ఒక చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూద్దామంటే ఆరోజు శనివారం. ఒంటిపొద్దు. తిరుపతిలో కాపురముంటూ శనివారం పూట స్వామికి నైవేద్యం పెట్టకుండా ఎంగిలి చెయ్యడమా! 'వేసే ఉంటానులే' అని ఒక మనసు, 'వెయ్యలేదేమో' అని ఇంకో మనసు. చివరికి రెండో మనసే గెలిచి ఇంకో అర చెంచా పడుతుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపినప్పుడు తెలుస్తుంది, మొదటి మనసు చెప్పిందే నిజమని.

ఇది ఒక్క ఉప్పుతో పోయే సంగతి కాదు. బస్టాండు దాకా వెళ్ళాక తలుపుకు తాళం వేశామా అని అనుమానం. పెళ్ళిలో అక్షింతలు వేస్తుంటే గ్యాసు కట్టేశామా అని గుబులు. తీరా ఇంటికొచ్చి చూస్తే తాళం వేసే ఉంటుంది, గ్యాసు కట్టేసే ఉంటుంది. మనం చేసిన పనికి మనమే సాక్షులం కాకుండా పోయాం, అంతే! చేతులు చేశాయి. మనసు ఊళ్ళో లేదు.

'వయసు మీద పడుతోంది, మతిమరుపొస్తోంది' అని బెంగపెట్టుకుంటారు చాలామంది. అంత బెంగ అక్కర్లేదు. చాలాసార్లు ఇది మతిమరుపు కాదు. అలవాటు. వెయ్యిసార్లు చేసిన పనిని వెయ్యిన్నొకటోసారి చేస్తున్నప్పుడు మనసు పక్కకు తప్పుకుని, 'ఈ పని నీకొచ్చుగా, నువ్వే కానిచ్చెయ్' అని చేతులకు అప్పగించి పోతుంది. చూడనిది గుర్తెలా ఉంటుంది?

అలవాటును మరీ అంతగా ఆడిపోసుకోకూడదు కూడా. కాపురానికొచ్చిన కొత్తలో అన్నం వార్చడానికి ఎంత హైరానా పడ్డామో తలుచుకోండి. ఎసరు ఎంత, బియ్యం ఎంత, చెయ్యి ఎక్కడ కాలుతుందో, అత్తగారు ఏమంటారో! ఒక్క పూట వంటకు ఒక పరీక్ష రాసినంత అలసట. పదేళ్ళు తిరిగేసరికి అదే వంట ఒక చేత్తో చేస్తూ, రెండో చేత్తో పిల్లవాడి చొక్కా గుండీలు పెడుతూ, నోటితో పాలవాడి లెక్క తేలుస్తాం. ఇదంతా అలవాటు పెట్టిన భిక్షే. అమెరికాలో విలియం జేమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1890లో అచ్చయిన తన పెద్ద గ్రంథంలో అలవాటు మీద ఒక అధ్యాయమే రాశాడు. రోజువారీ పనుల్ని ఎంత ఎక్కువగా అలవాటుకు అప్పగిస్తే మనసు అంతగా పెద్ద పనులకు మిగులుతుందని ఆయన వాదన. ప్రతి చిన్న పనికీ కొత్తగా ఆలోచించి నిర్ణయించుకోవలసి వచ్చే మనిషంత దౌర్భాగ్యుడు ఇంకొకడు లేడన్నాడు.

మాట నిజమే. అయితే ఆయన చెప్పిన ఆ మిగిలిన మనసు మన దగ్గర ఎక్కడుంది? మిగిలింది కదా అని దాన్ని ఏ పెద్ద పనికి పెట్టాం? అక్కడుంది చిక్కు.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది. చిత్తూరు పక్క పల్లెటూరినుంచి కాపురానికొచ్చి నలభై ఏళ్ళు దాటింది. భర్త ఉద్యోగం విరమించాడు. పిల్లలు రెక్కలొచ్చి బెంగుళూరులో ఒకరు, మద్రాసులో ఒకరు. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఉన్నట్టుండి అంది: "మొన్న నా మనవరాలు అడిగిందమ్మా, 'అవ్వా, నీ కథ చెప్పవా' అని. పెండ్లి చెప్తిని. కొత్త కాపురం చెప్తిని. పిల్లోళ్ళు పుట్టింది చెప్తిని. ఆమీట ఏం చెప్పల్లో తెలీలేదు. ముప్పై ఏండ్లు ఏం చేసినానంటే... తెల్లారి లేసినా, పొద్దుగూకి పండుకున్నా. అంతే!"

ఆమె నవ్వుతూనే అంది. కానీ నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి నేనూ లెక్క వేసుకుని చూశాను. కొత్త కాపురంలో మొదటి నెల ఏ రోజు ఏం జరిగిందో, ఏ చీర కట్టుకున్నానో, ఏ కూర మాడిందో కూడా చెప్పగలను. పోయిన ఏడాది మాత్రం ఒక్క ముద్దగా అతుక్కుపోయి ఉంది. అందులోంచి ఒక్క రోజును విడదీసి పట్టుకోవడం నావల్ల కాలేదు.

మనసు గుణమే అంత. కొత్తదైతే దేనికదే విడిగా దాచుకుంటుంది. నిన్నటిలాంటిదే అయితే నిన్నటి దాంట్లోనే కలిపేస్తుంది. అందుకే పసివాళ్ళకు వేసవి సెలవులు ఒక యుగం, పెద్దవాళ్ళకు సంవత్సరం ఒక చిటిక. అలవాటు మనకు ఎంతో శ్రమ మిగిల్చిన మాట వాస్తవమే గానీ, బాడుగ పుచ్చుకోకుండా ఏమీ చెయ్యదు. ఆ బాడుగ రూపాయల్లో కాదు, రోజుల్లో పుచ్చుకుంటుంది!

సరే, మరి ఏం చెయ్యాలి? రోజూ చేసే పనులన్నీ మానేసి కాశీయాత్రకు పోవాలా? అది కుదిరే పనీ కాదు, అవసరమూ లేదు. మన ఏడుకొండల మీదికి ఒకసారి చూపు సారించండి.

తిరుమల గుడిలో ఉన్నంత దినచర్య ఇంకెక్కడా ఉండదేమో. తెల్లవారుజామున సుప్రభాతంతో మొదలు, రాత్రి ఏకాంత సేవతో ముగింపు. వందల ఏళ్ళుగా ఆ వరస తప్పలేదు. అయినా స్వామి వారం పొడుగునా ఒక్కలాగే ఉంటాడా? గురువారం పొద్దున నగలన్నీ తీసి, నామం తగ్గించి, నేత్రాలు కనిపించేలా దర్శనమిప్పిస్తారు. ఆరోజే తిరుప్పావడ, పులిహోర రాశి. సాయంత్రం పూలంగి సేవ, నిలువెల్లా పూలే. శుక్రవారం అభిషేకం. ధనుర్మాసం వచ్చిందంటే సుప్రభాతమే మారిపోయి తిరుప్పావై వినిపిస్తుంది. బ్రహ్మోత్సవాల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. పొద్దున ఒక వాహనం, రాత్రి ఒక వాహనం. శేషుడు, హంస, సింహం, గరుడుడు, హనుమంతుడు, ఏనుగు, గుర్రం... మధ్యలో ఒకరోజు సాక్షాత్తూ ఆ పురుషోత్తముడే ఆడవేషం కట్టి మోహినిగా ఊరేగుతాడు!

ఇదంతా పెట్టిన పెద్దలు మనసు సంగతి బాగా ఎరిగినవాళ్ళయి ఉండాలి. వరస తప్పకూడదు, అలాగని విసుగూ రాకూడదు. ఎముక మారదు, అలంకారం మారుతుంది.

ఆ స్వామి దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. తాళ్ళపాక అన్నమయ్య 1408లో పుట్టాడు. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల ప్రకారం పదహారో ఏట, 1424లో మొదలుపెట్టి, 1503లో కన్నుమూసేదాకా పాటలు కట్టాడు. మొత్తం ముప్పైరెండు వేలని చెబుతారు. మనకు దక్కినవి అందులో సగానికి తక్కువే. ముప్పైరెండు వేలను డెబ్భైతొమ్మిదేళ్ళకు పంచి చూడండి. రోజుకొకటి కన్నా కాస్త ఎక్కువే పడుతుంది. అంటే ఏమిటి? వంట లాగే అదీ రోజువారీ పని! పండుగ లేదు, పబ్బం లేదు, ఒంట్లో బాగా లేదనడం లేదు. దేవుడొక్కడే, కొండ ఒక్కటే, కలమూ ఒక్కటే. కానీ ఒక రోజు జోలపాట, ఒక రోజు ఉయ్యాల పాట, ఒక రోజు వడ్లు దంచే సువ్వి పాట, ఒక రోజు గొబ్బి పాట. ఇవన్నీ ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడంటారు? రోకలి పట్టుకున్న ఆడవాళ్ళ దగ్గర, తొట్టి ఊపే ఆడవాళ్ళ దగ్గర కదూ!

అంతదాకా ఎందుకు, మన గుమ్మం ముందు ముగ్గే ఉంది. రోజూ ఊడ్చాలి, రోజూ కళ్ళాపి చల్లాలి, రోజూ ముగ్గు వెయ్యాలి. మారనిది పని. మారేది ముగ్గు. నిన్న వేసిన ముగ్గే ఇవాళ వేస్తే ఎదురింటావిడ ఏమనుకుంటుందోనని చుక్కల లెక్క మార్చే వేళ్ళల్లో మనసు ఉండి తీరుతుంది. పదిహేను చుక్కల ముగ్గులో ఒక్క మెలిక తప్పితే మొత్తం చెరిపి మళ్ళీ వెయ్యాలి గనక, 'ముగ్గు వేశానా లేదా' అనే అనుమానం మాత్రం ఏ ఇల్లాలికీ రాదు. ఇప్పుడు అపార్టుమెంట్లలో గడప ముందు అంటించే రంగురంగుల ముగ్గు కాగితాలొచ్చాయి. ఒకసారి అంటిస్తే ఏడాదికి సరి. శ్రమ మిగిలింది, నిజమే. కానీ వంట మొదలవకముందే మనసుకు దొరికే ఆ కాస్త కసరత్తు కూడా పోయింది.

మదనపల్లెకు దగ్గరలో రిషివ్యాలీ పాఠశాల ఉంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారి ఆలోచనలతో నడిచే బడి. అలవాటు మనసును మొద్దుబారుస్తుందని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చారు. తన చుట్టూ కట్టిన పెద్ద సంస్థనే, తనను జగద్గురువుగా కొలవడానికి సిద్ధంగా ఉన్న సంస్థనే, 1929లో స్వయంగా రద్దు చేసి బయటికి నడిచిన మనిషి. అలాంటాయన బడిలో నియమాలే ఉండవేమో అనుకుంటాం. ఉన్నాయి. సాయంత్రం పిల్లలంతా ఒకచోట చేరి, మాట్లాడకుండా కూర్చుని, సూర్యుడు కుంకడం చూస్తారు. 'అస్తాచల్' అంటారు దాన్ని. ప్రతి సాయంత్రమూ అదే పని! కానీ ఏ రెండు సాయంత్రాలూ ఒకలా ఉండవు కదా. ఇవాళ మబ్బు, రేపు నిర్మలం, ఎల్లుండి కొండ మీద ఎర్రటి చార. పని మార్చడం ఒక్కటే దారి కాదు, చూపు మేల్కొని ఉంటే మారని పని కూడా కొత్తదే అవుతుందనే కదా దీనర్థం.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే చాలా సుఖంగా ఉంటుంది. 'కాబట్టి సోదరీమణులారా, రోజుకో కొత్త ముగ్గు, వారానికో కొత్త వంట, నెలకో కొత్త దారి, మనసు పచ్చగా ఉంటుంది' అని ముగించవచ్చు. కానీ రాసేటప్పుడు నాకే ఎక్కడో గుచ్చుకుంది.

మార్పు, మార్పు అంటున్నాం సరే, ఎవరికి మార్పు? ఎవరి రెక్కల మీద మార్పు?

ఆదివారం వచ్చిందంటే ఇంట్లో ఒక మాట వినిపిస్తుంది: "రోజూ ఇడ్లీ, దోసేనా? ఇవాళ వెరైటీగా ఏదైనా చెయ్యకూడదూ!" సోమవారం ఇడ్లీ, మంగళవారం ఉప్మా, బుధవారం పొంగణాలు, గురువారం సంగటి, అందులోకి ఊరిబిండి... తినేవాళ్ళకు ఏడు రోజులూ ఏడు రుచులు. చేసేదానికి? ఏడు రోజులూ అదే పొయ్యి, అదే రుబ్బు, అదే సింకు. వాళ్ళ వైవిధ్యం మన దినచర్య!

తిరుపతిలో కాపురం చేసేవాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుసు. ఈ ఊళ్ళో ఇల్లుందంటే చుట్టాలకు కొదవుండదు. పెళ్ళయిన కొత్తజంట, పుట్టువెంట్రుకలు తీయించే పిల్లవాడు, పరీక్ష పాసైన మేనల్లుడు, ఎప్పుడో మొక్కుకుని మరిచిపోయి మళ్ళీ గుర్తొచ్చిన పెద్దనాన్న... అందరూ మన గుమ్మం మీదుగానే కొండెక్కుతారు. వాళ్ళకిది ఏడాదికొక్కసారి దొరికే ఆటవిడుపు. రైలు దిగగానే ముఖాల్లో ఎంత వెలుగో! అర్ధరాత్రి లేచి వేన్నీళ్ళు కాచి, దారిలోకి పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టి, తిరిగొచ్చేసరికి వేడి అన్నం సిద్ధం చేసేది మనం. వెళ్ళేటప్పుడు ఒక లడ్డు చేతిలో పెట్టి, "నీకేం వదినా, రోజూ స్వామి పాదాల దగ్గరే ఉన్నావు. అదృష్టవంతురాలివి" అంటారు. మనం కొండెక్కి ఎన్నాళ్ళయిందో వాళ్ళకెలా తెలుస్తుంది! ఆ మాటకొస్తే మనకు మాత్రం గుర్తుందా?

అన్నమయ్య లెక్క ఇందాక వేశాం. రోజుకొక పాట కట్టే మనిషికి వేళకింత అన్నం వండి వడ్డించినవాళ్ళ లెక్క రాగిరేకుల మీద లేదు. ఆయన ఇల్లాలు తిమ్మక్క తెలుగులో తొలి కవయిత్రి అని పెద్దలు చెబుతారు. ఆమె 'సుభద్రా కల్యాణం' అనే కావ్యం రాసింది. మనకు తెలిసినంతలో ఆమె పేరు మీద నిలిచింది ఆ ఒక్కటే. ముప్పైరెండు వేలకూ ఒకటికీ మధ్య ఉన్న తేడా అంతా ప్రతిభలోని తేడాయేనని నేను ఒప్పుకోలేను. కొంత తేడా పొయ్యిదై ఉంటుంది.

అందుచేత ఇది మనసుకు ఉల్లాసం ఎలా అన్న చిన్న ప్రశ్న కాదు. ఇంట్లో ఒకరి మనసు వికసించడానికి ఇంకొకరి మనసు మొద్దుబారవచ్చా అన్న ధర్మసందేహం.

దీనికి జవాబు వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు. కొండ దిగి తాతయ్యగుంటకు వస్తే చాలు. ఎండలు మండే మే నెలలో వారం రోజులపాటు తిరుపతి గంగమ్మ జాతర జరుగుతుంది. గంగమ్మ వెంకటేశ్వరస్వామికి చెల్లెలని ఊరివాళ్ళ నమ్మకం. జాతరకు కొండ మీది నుంచి పుట్టింటి సారె కూడా వస్తుంది. ముందు చాటింపు వేస్తారు. ఆపైన రోజుకొక వేషం. బైరాగి వేషం రోజు ఒంటినిండా తెల్లసుద్ద. బండ వేషం రోజు కుంకుమ ఎరుపు. తోటి వేషం రోజు బొగ్గు నలుపు. తర్వాత దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. చివరికి అమ్మవారి విశ్వరూపం.

కథ మీకు తెలిసిందే. ఆడవాళ్ళను చెరపట్టే ఒక పాలెగాడు గంగమ్మ జోలికొచ్చాడు. ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతుకుతూ ఆమె రోజుకొక వేషం వేసింది. చివరికి దొర వేషంలో వస్తే, ఎవరో పెద్ద దొర వచ్చాడనుకుని దండం పెట్టడానికి బయటికొచ్చి చచ్చాడు. ఆ జ్ఞాపకంగా కైకాల వంశం వాళ్ళు ఏటేటా అమ్మవారి వేషాలు కడతారు. మొక్కుకున్న మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టి, గాజులు తొడుక్కుని వీధుల్లోకి వస్తారు. అంగడి నడిపే పెద్దమనిషి, ఆటో తోలే అబ్బాయి, కాలేజీ కుర్రాడు అన్న తేడా లేదు. 2024లో వచ్చిన 'పుష్ప 2' సినిమాలో కథానాయకుడు చీర కట్టి ఆడిన జాతర చూసి దేశమంతా ఆశ్చర్యపోయింది గానీ, తిరుపతి వాళ్ళకు అది ఏటా చూసే సంగతే.

ఆ ఒక్క వారం ఊరు ఊరంతా దినచర్య మరిచిపోతుంది. అయితే నాకు నచ్చింది రంగులు, డప్పులు కాదు. ఈ జాతరలో మార్పు అంటే కొత్త చోటికి పోవడం కాదు, కొత్త వస్తువు కొనడం కాదు. ఇంకొకరి వేషంలో నిలబడి చూడడం. మగవాడు మీసం తీసి చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంటూ, పైట జారకుండా పట్టుకుంటూ, ఎండలో కాలిబాటన గుడిదాకా నడిచినప్పుడు, 'ఓహో, రోజూ వీళ్ళు ఇలా నడుస్తున్నారా' అని ఒక్క క్షణమైనా అనిపించకుండా ఉంటుందా? దేవత వేసిన వేషాల్లో దొర ఉన్నాడు, తోటి కూడా ఉన్నాడు. పైవాడు కిందివాడు కావాలి, మగవాడు ఆడది కావాలి. అప్పుడు గానీ చూపు మారదు.

కానీ జాతర బుధవారానికల్లా అయిపోతుంది. చీర మడతపెట్టి బీరువాలోకి పోతుంది. ఆ వారమంతా పొంగళ్ళు వండింది, అంబలి కాచింది, వచ్చిన చుట్టాలకు వడ్డించింది ఎవరో మీకు చెప్పాలా! చీర కట్టినంత తేలికగా వంటింటి మసిగుడ్డ భుజాన వేసుకునే వేషం కూడా ఒకటి ఉంటే బాగుండేది. దానికి మొక్కుకునేవాళ్ళు ఎందరుంటారో!

నవ్వులాటకు అనడం లేదు. వారానికొక పూట ఇంట్లో వేషాలు మార్చుకుంటే తప్పేమిటి? ఆయన పొయ్యి దగ్గర, మనం పేపరు దగ్గర. అబ్బాయి బట్టలు ఆరేస్తే అమ్మాయి కరెంటు బిల్లు కట్టి వస్తుంది. దీనివల్ల మనకొక్కరికే లాభం అనుకోకండి. ఎప్పుడూ వండనివాడికి వంట కంటే పెద్ద వింత ఏముంటుంది? ఆవాలు చిటపటలాడితే ఉలిక్కిపడతాడు, ఎర్రగడ్డ తరిగి కళ్ళు తుడుచుకుంటాడు. ఆ పూట ఆయన మనసు నిజంగా ఊళ్ళోనే, వంటింట్లోనే ఉంటుంది. ఉద్యోగం విరమించాక కుర్చీలో కూర్చుని కూర్చుని మసకబారే మగవాళ్ళకు ఇంతకు మించిన మందు లేదు.

ఇక మన వాటా. చేతికి ఒక పూట చిక్కితే దాన్నేం చెయ్యాలి? టీవీ ముందు కూర్చోవడం, ఫోనులో బొమ్మలు జరపడం కూడా మార్పే గానీ, మనసును తట్టిలేపే మార్పు కాదు. అమెరికాలోని డల్లాస్‌లో డెనిస్ పార్క్ అనే ఆచార్యురాలు, ఆమె సహచరులు ఈ సంగతే పరీక్ష చేసి 2014లో ప్రకటించారు. 60 నుంచి 90 ఏళ్ళ మధ్య వయసున్న 221 మందిని జట్లుగా విడదీసి, మూడు నెలలపాటు వారానికి దాదాపు 15 గంటల పని అప్పగించారు. కొన్ని జట్లకు అంతకుముందు చేతకాని విద్య నేర్పారు. కొందరికి డిజిటల్ కెమెరాతో ఫోటోలు తియ్యడం, కొందరికి బొంతలు కుట్టడం, కొందరికి రెండూ. ఇంకో జట్టును కబుర్లకూ విహారాలకూ సరదాలకూ వదిలేశారు. మరో జట్టు సంగీతం వింటూ, తేలికపాటి ఆటలాడుతూ గడిపింది. చివర్న చూస్తే, కొత్త విద్య కోసం తంటాలు పడ్డవాళ్ళ జ్ఞాపకశక్తే మెరుగుపడింది. కెమెరా పట్టినవాళ్ళలో మరీ స్పష్టంగా. సరదాగా కాలక్షేపం చేసినవాళ్ళలో ఆ మెరుగు కనిపించలేదు.

బొంతలు కుట్టడమట! మన అవ్వలు పాత చీరలు పరచుకుని, మధ్యాహ్నాలు నలుగురూ చేరి, రంగుకు రంగు కలుపుతూ కుట్టిన బొంతలే. వాళ్ళు దాన్ని మెదడుకు కసరత్తు అనుకోలేదు. చలికాలానికి కప్పుకోవడానికి అనుకున్నారు. అయితే అసలు సూత్రం బొంతలో లేదు. కాస్త కష్టంగా, కాస్త తెలియనిదిగా, తప్పులు పడేదిగా ఉండడంలో ఉంది. బొంతలు కుట్టి కుట్టి ఆరితేరిన అవ్వకు ఇంకో బొంత వల్ల ఆ లాభం రాదు. ఆమె కెమెరానే పట్టాలి!

ఇక్కడ మనల్ని కూడా కాస్త నిలదీసుకోవాలి. వాళ్ళు పని పంచుకోవడం లేదని అనడం సులభం. మనం వదులుతున్నామా? ఆయన వంటింట్లోకి రాగానే, "మీకెందుకు, పోండి. గిన్నెలన్నీ తగలేస్తారు" అని తరిమేది ఎవరు? కోడలు పప్పులో పోపు ముందు వేస్తే 'మా ఇంట్లో ఇలా కాదు' అని ముఖం చిట్లించేది ఎవరు? పదిరోజులు పుట్టింటికి పోయినా రోజుకు రెండుసార్లు ఫోను చేసి, 'నేను లేకపోతే ఇల్లు నడవదు' అని చెప్పుకోవడంలో మనకొక తీపి ఉంది. ఆ తీపే మన సంకెల. ఇల్లు నడవకపోతే ఏమవుతుంది? రెండు రోజులు కుంటుతుంది. తర్వాత నడక నేర్చుకుంటుంది.

మన సీమలోనే గుర్రంకొండ దగ్గర తరిగొండ అనే ఊరుంది. అక్కడ 1730 ప్రాంతంలో పుట్టిన వెంగమాంబకు చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆనాటి వితంతువు దినచర్య ఎలా ఉండేదో మనకు తెలుసు. తెల్లారకముందే స్నానం, మూలగది, ఒంటిపూట భోజనం, ఎవరికీ ఎదురుపడకపోవడం. చనిపోయేదాకా మారని దినచర్య. ఆమె దాన్ని ఒప్పుకోలేదు. తల వెంట్రుకలు తీయించుకోనని భీష్మించిందని చెబుతారు. పద్యాలు రాసింది, యక్షగానాలు రాసింది, ఊరు విడిచి తిరుమల చేరింది, తుంబురు కోనలో తపస్సు చేసింది, 'వెంకటాచల మాహాత్మ్యం' రాసింది. ఈనాటికీ రాత్రి ఏకాంత సేవలో అన్నమయ్య వంశంవారి లాలి పాటతోపాటు ఆమె పేరిట ముత్యాల హారతి జరుగుతుంది. కొండ మీద వేలమంది యాత్రికులకు నిత్యం అన్నం పెట్టే పెద్ద భవనానికి ఆమె పేరే పెట్టారు.

మనలో అందరం వెంగమాంబలం కాలేం, కానక్కర్లేదు. ఆమె ఒక జీవితాన్నే తిప్పింది, మనం వారంలో ఒక పూట తిప్పలేమా?

అన్నట్టు, మా వీధి పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాను. మనవరాలి ప్రశ్న ఆమెను వదల్లేదు. పక్కింటి అమ్మాయి దగ్గర తమిళం చదవడం నేర్చుకుంటోంది. చిత్తూరు ప్రాంతం గనక మాట్లాడడం ఎప్పటినుంచో వచ్చు, అక్షరాలు రావు. మద్రాసులో కొడుకింటికి పోయినప్పుడు బస్సు మీది పేరు తానే చదువుకోవాలట. 'ళ'కూ 'ఴ'కూ తేడా పట్టుబడక రోజూ ఆ పిల్లతో వాదులాడుతోంది. బుధ, శుక్రవారాలు పొద్దున ఆ చదువు. ఆ రెండు పూటలా వంట ఆయనది.

మొన్న శుక్రవారం నేను వెళ్ళేసరికి వరండాలో కూర్చుని పలక మీద దిద్దుతోంది. లోపల్నుంచి పులుసు వాసన, పెద్దాయన గొంతు.

"ఏమ్మే! పులుసులో ఉప్పు వేసినానా, లేదా? చూసినావా నువ్వు?"

ఈమె పలక మీంచి తల ఎత్తలేదు.

"నాకేం తెలుసు? నేను చదువుకుంటా ఉండా. నోట్లో ఏసుకోని చూడండి!"